నేలక్రింది నీటికి తైబందీ

దేవరకొండ నుండి డిండి మీదుగా అచ్చంపేట వైపు సాగు త్రోవకు ఇరుప్రక్కల నున్న చలక భూములలో తరతరములుగా సేద్యము చేయుచున్న ఏ కుటుంబమును పలుకరించినను పేర్లు వేరగునే గాని వృత్తాంతము వేరు కాదు. తాత మోటబావి మీద బ్రతికెను; తండ్రి కరెంటు మోటారుతో నాలుగు రాళ్లు వెనుక వేసెను; కొడుకు బోరు వెంట బోరు వేసి అప్పులపాలయ్యెను. ఇది విన్న పట్టణవాసులలో కొందరు నాగరికత పల్లెను చెరచినదని నిట్టూర్తురు. మరికొందరు రైతుకు దురాశ పెరిగినదని తీర్పు చెప్పుదురు. మొదటివారు మోట కొట్టి ఎరుగరు, రెండవవారు కండ్లయెదుట ఎండుచున్న తోటను చూచి ఎరుగరు. యంత్రము రాకుండవలసినదని నేననను. దానితో కూడ రావలసిన కట్టుబాటు రాలేదనుటయే నా అభియోగము.

మోటబావి కాలమున నీటికి హద్దు ఎడ్ల వలన ఏర్పడినది. తెల్లవారుజామున కట్టిన జత పొద్దెక్కువరకు ముందునకును వెనుకకును నడచి తోడగలిగినంతయే ఆనాటి నీరు; మధ్యాహ్నమునకు బావి అడుగంటినను రాత్రి ఊట దిగి మరునాటికి మరల అందెడిది. అన్నదమ్ములు వేరుపడినప్పుడు భూమి ముక్కలయ్యెడిది గాని బావి ముక్కలయ్యెడిది కాదు. దానిలో ఎవరి పాలు ప్రకారము వారికి దినముల వంతులేర్పడి, మాటలు లేని అన్నదమ్ములు సైతము ఆ ఒడ్డున ఒకరి కొకరు ఎదురుపడక తప్పెడిది కాదు. చెరువు విషయమున ఏర్పాటు ఇంకను గట్టిది. వానలు వెనుకబట్టిన పిదప చెరువులో నిలిచిన నీరెంతయో చూచి, ఆ యాసంగిలో ఆయకట్టున ఏ భాగమును తడుపవలెనో ఏ భాగమును బీడుగా విడువవలెనో ముందుగానే తేల్చి తైబందీ చేసెడివారు. ఆ తీర్మానము ప్రకారము తూము తెరచి మళ్లకు నీరు పంచు భారము నీరటిది.

ఇంతమాత్రమున ఆ కాలము రామరాజ్యమని భ్రమపడరాదు. మోట కొట్టినవాడు తరచుగా జీతగాడు, బావి దొరది. దళితుని కడవ ఆ నీటిలో మునుగుటకు వీలు లేకుండెను. 1949లో జాగీర్లు రద్దయి, 1950లో కౌలుదారీ చట్టము వచ్చి, 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లిలో భూమిని యాచించునాటికి ఈ సీమలో నేలపై పెత్తనము ఎవరిదో తెలుగు పాఠకునకు వేరుగ చెప్పనక్కరలేదు. కట్టుబాటు అన్యాయపరుల చేతిలో నుండెననుట సత్యము. కాని దొరను తొలగించినప్పుడు వంతును కూడ తొలగించిన మనము, దాని స్థానమున ఏమి నిలుపవలెనని ఆలోచించినవారము కాము.

తండ్రి తరమున మొదట ఆయిలింజను, పిదప అయిదు హార్స్‌పవరు మోటారు బావిగట్టు నెక్కెను. 1980ల తొలి యేండ్లలో హార్స్‌పవరుకు ఏటికి 50 రూపాయలు చెల్లించిన చాలునను స్లాబు పద్ధతి వచ్చినది మొదలు, గంట తోడినను దినమెల్ల తోడినను ఖర్చు ఒక్కటే ఆయెను. జొన్న, సజ్జ, ఆముదము పండిన చలకల అంచున వరిమడి పచ్చగిల్లెను. నల్లగొండ మెట్టలలో బత్తాయి తోటలు లేచెను. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము రాగా గటక త్రాగిన ఇంట అన్నము ఉడికెను. గూనపెంకుల ఇల్లు స్లాబు ఇల్లయ్యెను. ఎడ్లజతను అంగడిలో అమ్మివేసి దున్నుటకు ట్రాక్టరును కిరాయికి పిలిచిరి. ఈ సుఖమును తక్కువ చేసి మాటలాడుట నాకు ఇష్టము లేదు. కోడికూతకు ముందే లేచి జొన్నలు దంచి, విసరి, అరచేతులు కాయలు కాచిన స్త్రీలకు పిండిమర వచ్చిన దినము ఏ పండుగకును తీసిపోదు.

అయితే ఎడ్లను అమ్మిన నాడే నీటి హద్దును కూడ అమ్మితిమని ఎవరును గమనింపలేదు. ఈ సీమ అడుగున నున్నది కఠినశిల. పైపొరలో శిథిలమైన రాతి సందులయందు కొంత నీరు నిలుచును; దాని క్రింద పగులు తగిలిన నీరు, తగలకున్న దుమ్ము. రెండువందల అడుగులలో పడని నీరు ఆరువందల అడుగులలో పడి తీరునను లెక్క ఈ రాతికి వర్తింపదు. అయినను తమిళనాడు తిరుచెంగోడు నుండి వచ్చిన రిగ్గు బండి పొలమున నిలిచి రాత్రంతయు రాతిపొడి ఎగజిమ్ముచుండగా, అరచేత కొబ్బరికాయ నిలిపి పాయింటు చూపినవాని వంక ఇంటిల్లిపాదియు ఆశతో చూచుచుండును. తమ్ముడు తన ముక్కలో బోరు వేయును, అన్న బోరు తగ్గును. అన్న ఇంకను లోతునకు దించును. ఒకే గిన్నెలోని నీటికి చెరియొక గొట్టము వేసి పోటీపడి పీల్చినట్లున్నది ఈ వ్యవహారము. కరువు యేండ్లలో ట్యాంకర్లతో నీరు తెచ్చి పోసినను బత్తాయి చెట్లు దక్కలేదు. ఆముదము స్థానమున పత్తి వచ్చెను. 2002లో బీటీ విత్తునకు అనుమతి లభించిన పిదప, విత్తనమును మందును అరువిచ్చిన దుకాణదారుడే తుదకు ఆ పత్తిని కాంటా వేసికొనుట ఆచారమైనది. అప్పు తీరుటకు మిగిలినది వలస. గుంపుమేస్త్రీ చేతి అడ్వాన్సు పుచ్చుకొని ఆలుబిడ్డలతో కదలిన పాలమూరు కూలీ ఈ దేశమున ఎన్ని ఆనకట్టలకు మట్టి మోసెనో!

నదీజలము రాకపోవుటయే ఈ దుర్దశకు మూలమందురు. కొంతవరకు నిజమే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసి, 1967లో కాలువలకు నీరు విడిచిన నాగార్జునసాగరము దేవరకొండ సీమ చెంతనే నిండియున్నను, నీరు పల్లమెరుగును గనుక ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగరు మాగాణులను తడిపెను. ఈ మెట్టకు సాగరదర్శనము మాత్రమే దక్కెను. ఎల్లూరు వద్ద శ్రీశైలపు నీటిని ఎత్తిపోయు కల్వకుర్తి పథకము పాలమూరులో కొంత మేలు చేసినది. నల్లగొండకు కృష్ణను తేవలసిన దాదాపు 44 కిలోమీటర్ల శ్రీశైలము ఎడమగట్టు సొరంగములో 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిదిమంది చిక్కుకొని ప్రాణములు కోల్పోయిరి. వారు ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబు, జమ్మూకాశ్మీరముల వారు, అనగా వేరొక పాలమూరుల బిడ్డలు. సొరంగము ఎప్పటికి ముగియునో గాని, అంతవరకును మెట్టరైతు బ్రతుకు నేలక్రింది నీటి మీదనే సాగవలెను గదా!

ఆ నీటి విషయమున ప్రభుత్వములు ఏమి చేసినవి? 2004లో ఉచిత విద్యుత్తు నిచ్చినవి. 2018 జనవరి 1 నుండి ఇరువదినాలుగు గంటలు ఇచ్చినవి. రైతు దానిని ఆశించుటలో తప్పు లేదు, ఇచ్చుటలోను దురుద్దేశము లేదు. కాని కరెంటు వచ్చిన తక్షణమే తమంతట తాము నీరు తోడు ఆటోస్టార్టర్లను తొలగింపుడని, ఇచ్చిన ప్రభుత్వమే రైతులను వేడుకొనవలసి వచ్చినది. 2018 మే నెలలో మొదలైన రైతుబంధు ఎకరమునకు పంటకు 4,000 రూపాయల చొప్పున పట్టాదారునకు ముట్టినది. అతడెంత నీరు తోడెనో అడుగలేదు, కౌలుదారునకు దక్కలేదు. 2002 నాటి వాల్టా చట్టము బోరునకు అనుమతి కావలెనని చెప్పుచున్నది. ఆ అనుమతి కొరకు ఆగిన రిగ్గు బండి మాత్రము నా కంటబడలేదు.

నేలక్రింది నీటిని పదిమంది కూర్చుండి పంచుకొనుట అసాధ్యమనువారు ఒక సంగతి మరచుచున్నారు. ఉమ్మడి రాష్ట్రమున, మహబూబ్‌నగర్, నల్లగొండలతో కూడిన ఏడు కరువు జిల్లాలలో, 2003 మొదలు కొన్ని యేండ్లు రైతులే భూగర్భ జలమును లెక్కించుకొను పథకమొకటి నడచెను. ఐక్యరాజ్యసమితి వారి ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడెను. పెద్దచదువులు లేని స్త్రీలు, పురుషులు దినదినము వాన కొలిచిరి. ఎన్నుకొన్న బావులలో నీటిమట్టము చూచి వ్రాసికొనిరి. యాసంగికి ముందు ఊరివారందరు కూర్చుండి ఉన్న నీరెంత, వేయదలచిన పంటలు కోరునదెంత యని లెక్క కట్టిరి. జరిమానా లేదు, నిర్బంధము లేదు. అయినను పలుచోట్ల వరి తగ్గి ఆరుతడి పంటలు హెచ్చెను. విదేశీధనము ఆగగానే ఆ లెక్కయు ఆగుట మన దౌర్భాగ్యము.

కావున ప్రభుత్వము ఎకరమున కిచ్చు సొమ్ములో కొంతయైనను, గ్రామసభ చేసిన తైబందీని పాటించు ఊరికి అదనముగా ఇచ్చి చూడవలెను. ఆ సభలో పట్టా పుస్తకము లేని కౌలుదారునకును, పేరున సెంటు భూమి లేకున్నను పొలము పనియంతయు చేయు స్త్రీకిని సమానమైన మాట ఉండవలెను. భూగర్భ జలశాఖ కొలతబావుల అంకెలు దస్త్రములలో నిద్రింపక ఆ సభకు అందవలెను. రాష్ట్రమంతట ఒక్కమారు వద్దు. డిండి ఒడ్డున ఒక్క మండలము చాలును. మొదటి యేట మూడు బోర్లున్న ఆసామి సభకు రాడు. అతని మూడవ బోరు కూడ ఎండిన యేట వచ్చును. అప్పుడతనికి వంతు లేదనకుండ చోటు చూపుటకు సభ నడచుచు ఉండవలెను.