ఆటల పీరియడ్ జోలికి రావద్దు
పదో తరగతికి రాగానే మన బడుల్లో ముందు ఎగిరిపోయేది ఆటల పీరియడే. సిలబస్ మిగిలిందని లెక్కల మాస్టారు అడుగుతారు, పీఈటీ సారు కాదనలేక ఇచ్చేస్తారు, తల్లిదండ్రులూ సంతోషిస్తారు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒంటికి గట్టి కదలిక ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 146 దేశాల విద్యార్థులపై ఆ సంస్థ పరిశోధకులు చేసి 2019లో వెలువరించిన అధ్యయనంలో, 11-17 ఏళ్లవారిలో 81 శాతం మందికి ఆ కదలిక లేదని తేలింది. ఆడపిల్లల్లోనైతే 85 శాతం. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ రెండో అంకె. మగపిల్లలు క్రికెట్‌తో గ్రౌండంతా ఆక్రమిస్తే, తొమ్మిదో తరగతి అమ్మాయిలు చున్నీ సర్దుకుంటూ గోడవారగా నిలబడతారు. వాళ్లకు ఆసక్తి లేదని మనమే తేల్చేస్తాం. ఎందుకుండదు? ఆరో తరగతిలో ఖోఖోలో మెరుపులా పరిగెత్తింది ఆ పిల్లలే కదా! వాళ్లకు కావలసినవి ఆడేందుకు వీలైన దుస్తులు, శుభ్రమైన మరుగుదొడ్డి, గ్రౌండ్‌లో సగం చోటు, ఆఖరున వచ్చినా నవ్వని టీచరు. ముందుగా, ఆటల పీరియడ్‌ను ఏ సబ్జెక్టుకూ ఇవ్వకూడదని రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ గట్టిగా చెప్పాలి. ఆ పీరియడ్ నిజంగా జరుగుతోందో లేదో తనిఖీకి వచ్చే అధికారి పిల్లల్నే అడిగి తెలుసుకోవాలి.