చేవ్రాలు వెనుకనున్న మనిషి

బొమ్మల కథను చదువుకొనే పిల్లవానికి చిత్రకారుడు కూడా ఒక మనిషే అన్న సంగతి తోచదు. పెరటిలో వేపచెట్టు ఉన్నట్లు, వీధి చివర రైలుకట్ట ఉన్నట్లు, పుటలో బొమ్మ ఉన్నది, అంతే. ఎప్పుడో ఒకనాడు ఆ బొమ్మ అడుగున, ఒక మూలగా, రెండు మూడు పొడి అక్షరాల చేవ్రాలు కంటపడుతుంది. నాటి నుండి ఒక కోరిక మొదలవుతుంది. ఈ చెయ్యి ఎవరిది? ఆ మనిషిని ఒక్కసారి చూడగలమా?

ఈ కోరిక తీర్చడానికే ఇతర దేశాలలో అభిమానుల సమ్మేళనాలు వెలిశాయి. మన దేశంలో బొమ్మల కథల కోసమే పెద్ద ఎత్తున అట్టి సమ్మేళనం 2011లో గాని జరగలేదు. అంతకు పూర్వపు రెండు మూడు తరాల పాఠకులు తమ అభిమాన చిత్రకారుని కన్నులారా చూడకుండానే పెరిగి పెద్దవారయ్యారు. వారు పోగొట్టుకొన్నది ఏమిటో గ్రహించాలంటే, ఖరిదా వంటి పేటలో నిలబడి చూడడం మంచిది.

ఖరిదా పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఒక పేట. బెంగాల్ నాగపూర్ రైల్వే వారు ఆ పట్టణంలో కార్ఖానా నెలకొల్పిన నాటి నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు కూలీలుగా, ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా అక్కడికి తరలివెళ్లారు. వెళ్లినవారిలో అనేకులు అక్కడనే స్థిరపడ్డారు. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది మొదలు 2003లో వాల్తేరు డివిజను తూర్పు కోస్తా రైల్వేకు మారేవరకు, ఖరగ్‌పూరూ వాల్తేరూ ఒకే రైల్వే ఏలుబడిలో ఉండేవి. రైల్వే ఉద్యోగికి పాసు ఉన్నది, స్వగ్రామంలో చుట్టాలున్నారు. కనుక ఆ రైలుదారి ఖరిదా తెలుగువారికి ఇంటి అరుగు వంటిది.

ఇంటిలో తెలుగు, వీధిలో బంగ్లా, కార్ఖానాలో హిందీ. ఇట్టి ఇండ్లలో పెరిగిన పిల్లవానికి ఒక అదృష్టం కలిగింది. అతనికి రెండు వైపుల నుండి బొమ్మలు వచ్చేవి. దక్షిణాన మద్రాసు నుండి ‘చందమామ’, ఉత్తరాన కలకత్తా నుండి ‘శుక్‌తారా’. 1972లో చందమామ బంగ్లా భాషలో కూడా వెలువడసాగింది. అప్పటి నుండి పక్కింటి బెంగాలీ పిల్లవాడూ మన పిల్లవాడూ ఒకే బేతాళుణ్ణి చెరొక భాషలో చూచి భయపడ్డారు.

అసలు విశేషం ఇక్కడ ఉన్నది. ఆ రెండు పత్రికల వెనుకనున్న మేటి చేతులలో ఒక్కొక్కటి ఆ రైలుదారి చెరొక కొసన పనిచేస్తున్నది.

చందమామ ముఖచిత్రాల అడుగున ‘వపా’ అనే చేవ్రాలు ఎరుగని తెలుగు పాఠకుడు అరుదు. వడ్డాది పాపయ్యగారు 1921లో శ్రీకాకుళంలో జన్మించారు. తండ్రి రామమూర్తిగారు కూడా చిత్రలేఖనం నేర్పే ఉపాధ్యాయులే. పాపయ్యగారు అనకాపల్లి దగ్గర కశింకోట ఉన్నత పాఠశాలలో డ్రాయింగు మేష్టరుగా పనిచేస్తూ, అక్కడ నుండే దేవతలను, గంధర్వులను, రాగాలను, ఋతువులను గీసి పత్రికలకు పంపేవారు. మద్రాసులో చందమామ కార్యాలయం ఉన్నదని తెలిసినవారు, ఆయన కూడా మద్రాసులోనే ఏదో మేడలో ఉంటారని తలచడం సహజం. కాని ఖరగ్‌పూర్ నుండి వేసవి సెలవులకు బయలుదేరిన కుటుంబం శ్రీకాకుళం రోడ్డులో దిగినా, విజయనగరంలో దిగినా, మరి కొన్ని గంటలు ప్రయాణం చేసి ఉంటే ఆయన ఊరి పొలిమేరలకు చేరి ఉండేది. ఒడిలో చందమామ పెట్టుకొని కిటికీ ప్రక్కన కూర్చున్న పిల్లవానికి ఈ సంగతి ఎవరు చెబుతారు? పత్రికలో చిరునామా ఉండదు, ఛాయాచిత్రం ఉండదు. పాపయ్యగారికి సైతం ప్రచారమంటే గిట్టదు. బొమ్మ కనిపిస్తున్నది కదా, ఇంక తనతో పని ఏమి అన్నట్లుగా ఆయన జీవించారు. 1992 డిసెంబరు 30న కన్నుమూశారు.

రెండవ కొసన హౌరా. ఖరగ్‌పూర్ నుండి 115 కిలోమీటర్లు. లోకల్ బండి ఎక్కితే మూడు గంటల లోపు ప్రయాణం. హౌరాలోని శిబ్‌పూర్ పేటలో నారాయణ్ దేవ్‌నాథ్ 1925లో పుట్టారు, అక్కడనే జీవించారు. వారిది బంగారు పని చేసే కుటుంబం. బాల్యంలో నగల మీద నగిషీలకు నమూనాలు గీయడమే ఆయనకు తొలి చిత్రాభ్యాసం. చిత్రకళాశాలలో చేరారు గాని పట్టా పుచ్చుకోకుండానే బయటకు వచ్చారు. పొట్టపోసుకోవడానికి వ్యాపార చిహ్నాలు గీశారు, సినిమా స్లైడులు గీశారు, పుస్తకాలకు బొమ్మలు వేశారు. 1962లో ‘శుక్‌తారా’ పత్రికలో ‘హాందా–భోందా’ ఆరంభమయింది. ఒకడు బక్కవాడు, మరొకడు బొద్దువాడు. ఇద్దరికీ క్షణం పడదు, క్షణం విడిచి ఉండరు. 1965లో అదే పత్రికలో ‘బాంటుల్ ది గ్రేట్’ వచ్చాడు. గులాబి రంగు బనీను, నల్లని లాగు, కొండంత ఛాతీ, పుల్లల వంటి కాళ్లు, చెప్పులు లేని పాదాలు. కాలేజీ స్ట్రీటు నుండి ఇంటికి తిరిగి వస్తుండగా ఈ వీరుని రూపం మనసులో మెదిలిందని దేవ్‌నాథ్ చెప్పేవారు. తరువాత యుద్ధకాలంలో, ఇతనికి మరింత బలం కల్పించమని సంపాదకులు కోరగా, తుపాకి గుండ్లు అతని ఒంటికి తగిలి వెనుకకు పోసాగాయి. 1969లో ‘కిశోర్ భారతి’ పత్రికలో ‘నోంటే–ఫోంటే’ మొదలయింది.

ఈ మూడింటికీ కథ ఆయనదే, బొమ్మ ఆయనదే, మాటలూ ఆయనవే. సహాయకులను పెట్టుకొని ఒక దళంగా పనిచేసే పద్ధతి ఆయన ఎరుగరు. దశాబ్దాల తరబడి, నెల తప్పకుండా, ఒక్క చేతి మీద సాగిన శ్రమ అది. హాందా–భోందా యాభై సంవత్సరాలకు పైగా నడిచింది. తాతగారు చదివిన పాత్రలనే మనుమడు కూడా చదివాడు. గీసిన చెయ్యి మాత్రం మారలేదు. ప్రపంచంలోనే ఇట్టి ఉదాహరణలు మిక్కిలి కొద్ది.

అయినను ఆ చేతికి పేరు ఆలస్యంగా వచ్చింది. పిల్లల పత్రికలో బొమ్మల పుట అంటే పెద్దలకు తేలికభావం. కథారచయితకు సభలున్నాయి, సన్మానాలున్నాయి. బొమ్మల కథ గీసినవానికి పుటకు ఇంత అని పారితోషికం ఉన్నది. చందమామలో దాసు, వాసు అనే కుర్రవాళ్ల చిత్రకథను గీసి ఇంటింటా నవ్వులు పూయించిన ‘చిత్రా’ 1978లో మరణించినప్పుడు, ఆయన ముఖం ఎరిగిన పాఠకులు ఎందరుంటారు?

అమెరికాలో ఈ ముడి విప్పినవారు సంపాదకులు కారు, పాఠకులు. శాన్‌డియేగో నగరంలో షెల్ డార్ఫ్ అనే అభిమాని కొందరు కుర్రవాళ్లను వెంటబెట్టుకొని జాక్ కర్బీ అనే చిత్రకారుని ఇంటికి వెళ్లాడు. కెప్టెన్ అమెరికా, హల్క్ వంటి పాత్రల రూపకల్పనలో పాలుపంచుకొన్న మహాశిల్పి కర్బీ. ఆయన ఆ పిల్లలను ఆదరించాడు. ఆ బృందమే 1970 ఆగస్టులో ఒక హోటలులో మూడు దినాల సమ్మేళనం జరిపింది. వచ్చినవారు సుమారు 300 మంది. వారిలో కర్బీ ఒక అతిథి. నేడు ఆ సమ్మేళనానికి ఏటా లక్షా ముప్ఫయి వేల మందికి పైగా వస్తున్నారు. జపానులో 1975 డిసెంబరులో ఇటువంటిదే మరొకటి పుట్టి, దానిని మించిపోయింది.

చేవ్రాలు పుచ్చుకొని, ఒక ఛాయాచిత్రం దిగి ఇంటికి పోవడమే అయితే ఇందులో చెప్పుకోదగినది ఏమీ లేదు. కాని ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినవారికి అతని కష్టసుఖాలు తెలిశాయి. కర్బీ గీసిన వేలాది మూలచిత్రాలు ప్రచురణ సంస్థ వద్దనే ఉండిపోయాయి. వాటిని తిరిగి పొందడానికి ఆయన చాలాకాలం పెనగులాడవలసి వచ్చింది. 1980వ దశకంలో తోటి చిత్రకారులు, పాఠకులు ఆయన పక్షాన నిలిచి విజ్ఞాపనలపై సంతకాలు చేశారు. 1987లో దాదాపు రెండు వేల పుటలు ఆయన చేతికి తిరిగి వచ్చాయి. అది మొత్తంలో కొద్ది భాగమే. అయితే, చేవ్రాలు అడగడానికి బల్ల ముందు నిలిచిన పాఠకులు, చిత్రకారుని హక్కు కోసం తామే చేవ్రాలు చేసే స్థితికి వచ్చారు. ముఖం ఎరుగని మనిషి కోసం ఎవరూ అంత దూరం పోరు.

మన దేశానికి ఈ ఆచారం 2011 ఫిబ్రవరిలో ఢిల్లీకి వచ్చింది. ఢిల్లీ హాట్‌లో రెండు దినాలు సంబరం. 2013లో హైదరాబాదులోనూ జరిగింది. వీటికి పోయినవారికి మొట్టమొదట కనిపించేది పాత్రల వేషాలు కట్టిన యువజనం. మన పగటివేషగాళ్లు చూస్తే, తమ విద్య పట్నంలో టిక్కెట్టు పెట్టి ఆడుతున్నదే అని ముచ్చటపడతారు. ఈ సందడిలో చిత్రకారుల బల్లలు ఒక ప్రక్కకు ఒదిగి ఉంటాయి. నిజమైన పాఠకుడు మాత్రం అక్కడికే పోతాడు. చిత్రకారుడు అడిగిన బొమ్మను అప్పటికప్పుడు గీస్తుంటే, పెన్సిలు ఎక్కడ ఆగినదీ, ఎక్కడ జంకు లేకుండా సాగినదీ తానే చూస్తాడు. అచ్చు పుటలో ఎన్నడూ కనిపించనిది ఆ జంకే.

ఢిల్లీలో ఆ తొలి సమ్మేళనం ప్రారంభమైన ఫిబ్రవరి 19న, ‘అమర్ చిత్ర కథ’ వ్యవస్థాపకుడు అనంత్ పాయ్‌కి జీవన సాఫల్య పురస్కారం ప్రకటించారు. ఫిబ్రవరి 24న ఆయన మరణించారు.

నారాయణ్ దేవ్‌నాథ్‌కు 2013లో కేంద్ర సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారం వచ్చింది. అప్పటికి ఆయన వయస్సు ఎనభై ఏడు దాటింది. 2015లో రవీంద్రభారతి విశ్వవిద్యాలయం డి.లిట్. ప్రదానం చేసింది. 2021 గణతంత్ర దినోత్సవ సందర్భంగా వెలువడిన పద్మశ్రీ గ్రహీతల జాబితాలో ఆయన పేరు కనిపించింది. అదే జాబితాలో తమిళనాడు నుండి మరొక చిత్రకారుని పేరు ఉన్నది. ఆయన కె. సి. శివశంకరన్. భుజాన శవంతో, చేత కత్తితో శ్మశానంలో నడిచే విక్రమార్కుని గీసిన చందమామ ‘శంకర్’ ఆయనే. మద్రాసు చిత్రకళాశాలలో ఆయన చదివిన నాడు ప్రధానోపాధ్యాయుడు దేవీప్రసాద్ రాయ్‌చౌధురి అనే బెంగాలీ శిల్పి. ఆ విధంగా చందమామ రేఖలలో కొంత కలకత్తా ఛాయ ముందు నుండీ ఉన్నదనుకోవచ్చు. ఖరిదా పిల్లవానికి రెండు దిక్కుల నుండి బొమ్మలు పంపిన ఇద్దరు వృద్ధులను ప్రభుత్వం ఒకే కాగితం మీద, ఒకే రోజున గుర్తించింది. కాని శంకర్ 2020 సెప్టెంబరు 29ననే వెళ్లిపోయారు. పురస్కారం మరణానంతరం అన్న మాట ఆయన పేరు ప్రక్కన అచ్చయింది.

దేవ్‌నాథ్‌కు పతకం చేతికి అందింది గాని, దర్బారు హాలులో కాదు. 2022 జనవరిలో ఆయన కలకత్తాలో ఆసుపత్రిలో ఉండగా, రాష్ట్ర ప్రభుత్వం తరపున మంత్రి, ఉన్నతాధికారి పడక వద్దకు వచ్చి అందజేశారు. ఆ నెల 18న ఆయన కన్నుమూశారు. శిబ్‌పూర్‌కు హౌరా స్టేషను ఎంతో దూరం కాదు. అక్కడి నుండి ఖరగ్‌పూర్‌కు లోకల్ బండ్లు రోజంతా నడుస్తూనే ఉంటాయి.