గొంగడి పాఠము

"ఎక్కడ వేసిన గొంగడి అక్కడే" యని ముందునకు సాగని పనిని గూర్చి మనవారు చెప్పుదురు. నేడు గొంగడికే యీ సామెత చెల్లదు. అది వేసినచోట నుండక, మన యిండ్లనుండి మెల్లగా వెడలిపోవుచున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట నొక వానదినమున కురుమ బాలుడొకడు తాతగారి గొంగడిని ముసుగువలె కప్పుకొని తరగతికి వచ్చెను. తడిసిన ఉన్ని వాసనకు తోడిబాలురు నవ్విరి. మేము వారిని మందలింపక, గొంగడిని వరండాలో విడిచి రమ్మని ఆ బాలునితోనే చెప్పితిమి. మరునాడు వాడు తడిసివచ్చెను. గొంగడి మరల తేలేదు. ఉన్ని వేడిని పోనీయదని ఆ వారమే నల్లబల్లపై వ్రాసియుంటిమి! బోధనాభ్యసన కళాశాలలో శిక్షణ పొందియు, పాఠము మాయెదుట నిలిచియుండగా మేము గుర్తింపలేకపోతిమి.

గొంగడిలో నెంత విద్య కలదో చూడుడు. దక్కను నల్లగొఱ్ఱెల ఉన్నిని కత్తిరించి, ఏకి, స్త్రీలు నూలుగా వడకుదురు. పడుగునకు చింతగింజల గంజి పట్టించి, పురుషులు గుంటమగ్గముపై నేయుదురు. ఉన్ని సహజవర్ణమే దాని రంగు. చలికి కప్పుగా, వానకు గొడుగుగా, రాత్రి పడకగా నది కాపరికి తోడుపడును.

ఈ విద్య క్షీణించుటకు కారణము సోమరితనము కాదు. మాంసమునకు ధర పెరిగి, ఉన్నికి ధర తగ్గినందున, ఉన్నిలేని జాతుల గొఱ్ఱెలు మందలలో చేరినవి. 2017లో మన గజ్వేల్‌కు చేరువనున్న కొండపాకలో ప్రారంభమైన ప్రభుత్వ పథకమును కుటుంబమునకు 20 ఆడుగొఱ్ఱెలను, 1 పొట్టేలును ఇచ్చినది. దాని లక్ష్యమును మాంసోత్పత్తియే. మిల్లు కంబళ్లు చౌక. ఉన్ని కత్తిరించిన కూలియైన రాక, అనేకచోట్ల దానిని పారవేయుచున్నారు.

"మా బిడ్డ గొఱ్ఱెల వెంట తిరుగరాదనియే బడికి పంపితిమి; మరల ఉన్ని యేల?" యని తలిదండ్రులు కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఒక కులపు పనిని ఆ కులపు బిడ్డకే కట్టివేయుట మా యభిమతము కాదు. బాలురును బాలికలును, అన్ని యిండ్లవారును కలసి నేర్చినప్పుడే దానిపైనున్న చిన్నచూపు పోవును. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 మొదలు 8 తరగతులవారికి పుస్తకసంచి లేని 10 దినములను సూచించి, ఆ దినములలో స్థానిక వృత్తినిపుణులయొద్ద నేర్చుకొనుమనుచున్నది. మనకు దూరము పోవలసిన పనిలేదు.

మగ్గము లేదని వెనుదీయనక్కరలేదు. కాశ్మీరమున నేతలేకయే నమ్దా చేయుదురు. ఏకిన ఉన్నిని చాపపై పొరలుగా పఱచి, సబ్బు కలిపిన వేడినీటితో తడిపి, చుట్టి, దొర్లించుచు త్రొక్కవలెను. ఉన్నిపోగులమీద కంటికి కానరాని పొలుసులు ఒకదానినొకటి పట్టుకొని, గట్టి దుప్పటిగా నగును. మన ముతక ఉన్నితో మృదువైన శాలువ రాదుగాని, కూర్చుండుటకు చిన్న ఆసనము రావచ్చును. పారవేయు ఉన్నియే దీనికి చాలును. చేతులకు ఉన్ని స్వభావము తెలిసిన పిమ్మట రాట్నము, దానివెనుక మగ్గము.

అయితే ఒక నియమము. నేర్పవచ్చు కురుమ పెద్దలను వింతవస్తువులవలె చూపక, గురువులుగా పిలిచి, కుర్చీ వేసి, వారి దినమునకు తగిన వేతనమీయవలెను. ఉచితముగా పుచ్చుకొన్న విద్యను గౌరవించితిమనుట మాటమాత్రమే.

బాలబాలికలారా! వచ్చు వానకాలమున మీలో నెవరైన గొంగడి కప్పుకొని వచ్చినయెడల వరండాలో విడువవలదు. లోనికి తెండు. ఈసారి మేమును మీతో కూర్చుండి నేర్చుకొందుము.