ఒక్కడి కూత చాలదు!

సంక్రాంతికి అనకాపల్లి చుట్టుపక్కల ఊళ్లలో కబడ్డీ పోటీలు పెడితే, కూతకెళ్లే మొనగాడు ఒక్కడుంటే చాలు, కప్పు మనదేనని కుర్రాళ్ల ధీమా. ఒక్క పూటలో తేలిపోయే పోటీకి ఆ లెక్క సరిపోతుందేమో. నెలల తరబడి సాగే ప్రో కబడ్డీలో మాత్రం అది తలకిందులైంది. అదీ విశాఖలో సొంతగడ్డ మ్యాచ్‌లాడే మన తెలుగు టైటాన్స్‌ విషయంలోనే!

2022లో పవన్‌ సెహ్రావత్‌ని తమిళ్‌ తలైవాస్‌ 2.26 కోట్లకు కొనుక్కుంది. తొలి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బతగిలి సీజన్‌ మొత్తానికీ దూరమయ్యాడతను. ఇంకేముంది, తలైవాస్‌ పని అయిపోయిందనుకున్నారంతా. కానీ ఆ ఏడాదే లీగ్‌లో అడుగుపెట్టిన నరేందర్‌ 243 రైడ్‌ పాయింట్లు తెచ్చాడు. ఆ జట్టు మొట్టమొదటిసారి సెమీఫైనల్‌ చేరింది. మరుసటి సీజన్‌కి అదే పవన్‌ని టైటాన్స్‌ 2.605 కోట్లకు దక్కించుకుంది. అప్పటికి లీగ్‌లో అదే రికార్డు ధర. అతను డబ్బుకు న్యాయమే చేశాడు... 202 రైడ్‌ పాయింట్లు! మరి జట్టో? 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది.

ఎందుకిలా? కిటుకంతా ఆట నిబంధనల్లోనే ఉంది. ఔటైన ఆటగాడు తోటివాళ్లు పాయింటు తెస్తేనే మళ్లీ కోర్టులోకి వస్తాడు. అందుకే ప్రత్యర్థులు ముందు మొనగాణ్నే పట్టేస్తారు. రెండోవాడు పాయింటు తేలేకపోతే కోట్లు పెట్టి కొన్న ఆటగాడు బయట కూర్చుని చూడాల్సిందే.

హాకీలో బంతిని ఎక్కువసేపు తమ దగ్గరుంచుకున్న జట్టుకి పైచేయి అంటారు. కబడ్డీలో బంతి లేదు, ఉన్నదల్లా గడియారం. కూతకు 30 సెకన్లు. ఆధిక్యంలో ఉన్న జట్టు రైడర్‌ ఎవర్నీ ముట్టకుండా ఆ సమయాన్ని కరిగించి వెనక్కొచ్చేస్తాడు. అలా వరసగా రెండుసార్లు చెల్లుతుంది. మూడోది ‘డూ ఆర్‌ డై’... పాయింటు తేకపోతే రైడరే ఔట్‌. దానికి చాలామంది కోచ్‌లు రెండో రైడర్నో మూడో రైడర్నో పంపుతారు. పోతే అతనే పోతాడు, మొనగాడు మిగులుతాడు. అయితే ఆ రెండోవాడిలో పస లేకపోతే ఈ ఎత్తు పారదు.

అమెరికా, కెనడాల్లో మంచు మీద ఆడే హాకీదీ ఇదే తంతు. ఎంత మేటి ఆటగాడైనా ఒక్కో విడత నిమిషం అటూఇటూగా ఆడి దిగిపోతాడు. ప్లేఆఫ్‌లో ఒక్కో పోరు ఏడు మ్యాచ్‌లదాకా సాగొచ్చు. మూడో వరస, నాలుగో వరస వాళ్ల సత్తా బయటపడేది అప్పుడే.

టైటాన్స్‌కీ ఆ సంగతి ఆలస్యంగానైనా బోధపడినట్టుంది. 2024లో పవన్‌ గాయంతో తప్పుకొన్నా విజయ్‌ మలిక్‌ జట్టుని నిలబెట్టాడు. ప్లేఆఫ్‌ మాత్రం కొద్దిలో చేజారింది. 2025లో పవన్‌ లేనేలేడు. కెప్టెన్‌ విజయ్‌, భరత్‌ హుడాల జోరుతో జట్టు రెండో క్వాలిఫయర్‌ దాకా వెళ్లి, పుణెరి పల్టన్‌ చేతిలో 45-50తో ఓడిపోయింది.

45 పాయింట్లు తెచ్చీ ఓడారంటే లోటు కూతలో కాదు, పట్టులో! రెండ్రోజుల తర్వాత ఫైనల్లో దబంగ్‌ ఢిల్లీ తెచ్చింది 31 పాయింట్లే. కానీ అదే పుణెరిని 28 దగ్గర ఆపి కప్పు ఎగరేసుకుపోయింది.