సత్తుపల్లి పట్టాలపై ప్రయాణికుల బండి ఎప్పుడు?

సత్తుపల్లి నుంచి కొత్తగూడెం దాకా 54 కిలోమీటర్ల రైలు మార్గం సిద్ధంగా ఉంది. సింగరేణి, రైల్వే కలిసి దాదాపు వెయ్యి కోట్ల రూపాయలతో వేసిన ఈ లైనును 2022 నవంబరు 12న రామగుండంలో ప్రధాని జాతికి అంకితం చేశారు. చండ్రుగొండ మీదుగా బొగ్గు వ్యాగన్లు సాగిపోతున్నాయి. ఆ పట్టాల పక్కనున్న ఊళ్ల జనం మాత్రం ఇప్పటికీ బస్సులు, ఆటోలనే నమ్ముకున్నారు.

ఈ గడ్డ మీదికి రైలు బొగ్గు కోసమే వచ్చింది. నిజాం కాలంలో ఇల్లందు గనులకు పట్టాలు పడ్డాయి. 1927లో కారేపల్లి నుంచి కొత్తగూడేనికి, తర్వాతి కాలంలో మణుగూరుకు లైను సాగింది. అయితే ఆనాడు బొగ్గు వెంట ప్యాసింజరూ నడిచింది. గని కార్మికుడు, కాలేజీ విద్యార్థి, కూరగాయల గంప ఎత్తుకున్న రైతు మహిళ అందరూ అందులోనే ఎక్కారు. సత్తుపల్లికి ఆ పాటి న్యాయం కూడా జరగలేదు.

భద్రాచలం సంగతి ఇంకా కష్టం. భద్రాచలం రోడ్డు స్టేషన్ కొత్తగూడెంలో ఉంది. రామాలయానికి చేరాలంటే అక్కడి నుంచి ఇంకో నలభై కిలోమీటర్ల దాకా రోడ్డు ప్రయాణం చేయాలి. శ్రీరామనవమికి వచ్చే భక్తుల ఇబ్బంది ఏటా అందరికీ కనిపిస్తుంది. చింతూరు, కూనవరం వాసుల ఇబ్బంది ఎవరికీ పట్టదు. 2014లో ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి గానీ ఆసుపత్రికైనా, అంగడికైనా భద్రాచలమే వాళ్లకు దిక్కు. రైలెక్కాలంటే కొత్తగూడెం రావాల్సిందే.

కొత్త పట్టాలు వేయకుండానే ఇందులో చాలా భాగం సరిదిద్దవచ్చు. సత్తుపల్లి నుంచి డోర్నకల్ దాకా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మెమూ రైళ్లు చాలు. డోర్నకల్‌లో విజయవాడ, సికింద్రాబాద్ బండ్లు అందేలా, కొత్తగూడెంలో దిగగానే భద్రాచలం బస్సు ఎదురుగా ఉండేలా వేళలు కలపాలి. స్విట్జర్లాండ్ 1982 నుంచి దేశమంతటా బండ్ల వేళలను ఇలాగే ఒకదానికొకటి కలిపి నడుపుతోంది. ఒంటి లైను మీద బొగ్గు రైళ్లకు దారిస్తే ప్యాసింజరు ఆలస్యమవుతుందన్న అభ్యంతరం నిజమే. డోర్నకల్-కొత్తగూడెం రెండో లైను త్వరగా పూర్తి చేయాలనడానికి అదే బలమైన కారణం. సత్తుపల్లి నుంచి కొవ్వూరుకు మిగిలిన లంకె కూడా పడితే అడవి అంచు ఊళ్లకు గోదావరి జిల్లాల తీరం దగ్గరవుతుంది. దశాబ్దాల నాటి ఆ కోరిక ఇంకా కాగితాల మీదే ఉంది.

ఇక కొత్త పట్టాల విషయానికొస్తే, 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు 173 కిలోమీటర్ల కొత్త మార్గానికి ఆమోదం తెలిపింది. మూడు రాష్ట్రాల కోయ, కొండరెడ్ల పల్లెల దాపున సాగాల్సిన లైను ఇది. ఎక్కడ హాల్టు ఉండాలో, ఏ సంత రోజున ఏ వేళకు బండి కావాలో ఆ పల్లెల గ్రామసభలనే అడగాలి. భూసేకరణ నోటీసు పట్టుకుని వెళ్లే అధికారి, అదే పర్యటనలో ఈ ప్రశ్నలు కూడా అడిగి రాసుకుని రావాలి.