పాతవస్తువుల అడితి వర్తకము

ఐరోపా, అమెరికా ఖండములలో గడచిన పదునైదేండ్లుగా నొక వర్తకము పెంపొంది, ఇప్పుడు మన మహానగరములకును ప్రాకి వచ్చినది. ధనవంతులు కొని, కొన్నాళ్లు వాడి, విసుగుజెంది అలమారులలో పడవైచిన పేరుమోసిన కంపెనీల చేతిసంచులను, గడియారములను, పాదరక్షలను, దుస్తులను మరల అమ్మిపెట్టు వర్తకమిది. ఈ పనికై 2009వ సంవత్సరమున పారిసు నగరమునందు వెస్టియేర్ కలెక్టివ్ అను సంస్థయు, 2011లో అమెరికాయందు రియల్‌రియల్ అను సంస్థయు పుట్టినవి. రెండవది 2019 నాటికి తన వాటాలను షేరుమార్కెట్టున అమ్ముకొనునంతటి దయ్యెను. ఒకరు తొడిగి విడిచిన బట్టను ముట్టుటకే నామోషీ పడెడి కుటుంబములవారు నేడు ఒకరు మోసి విడిచిన సంచికి లక్షలు పోసి కొనుచున్నారు.

2025 జూలైలో పారిసునందు జరిగిన వేలము నిందుకు పరాకాష్ఠ యనవచ్చును. జేన్ బర్కిన్ అను నటీమణి కొరకు 1985లో హెర్మెస్ కంపెనీ కుట్టి యిచ్చిన నల్లని తోలుసంచి, ఆమె యేండ్లతరబడి మోసి గీతలును మరకలును పడిన సంచి, 86 లక్షల యూరోలకు, అనగా మన నాణెమున సుమారు 86 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయినది. గీతలు ధరను తగ్గింపలేదు సరికదా, పెంచినవి. ఆ గీతలు ఎవరి చేతిలో పడినవో వ్రాసియుండుటయే యిందులకు హేతువు.

ఈ వైభవమునకును, తూర్పు కనుమలలోని జి.మాడుగుల సంతకును సంబంధ మేమని పాఠకు లడుగవచ్చును. సంబంధము కలదనియే మా యభిప్రాయము.

మొదట నీ వర్తకపు నడక యెట్టిదో చూతము. పాతసంచిని దుకాణమున కిచ్చు యజమానురాలు దానిని దుకాణదారున కమ్మివేయుట లేదు. అప్పగించుచున్నది. దుకాణదారు వస్తువు అసలైనదో నకిలీయో పరీక్షించి, బాగుచేయించి, ఫొటోలు తీయించి, వెల నిర్ణయించి, కొనువారిని వెదకును. అమ్ముడుపోయిన పిదప తన కమీషను మినహాయించుకొని మిగిలినది యామె కిచ్చును. అమ్ముడు పోనిచో గడువు తీరిన వెంటనే వస్తువును తిరిగి యిచ్చివేయును. ఆ నడుమ నెంతకాలము గడచినను వస్తువు ఆమెదే. ఇంగ్లీషువారు దీనిని కన్‌సైన్‌మెంటు అనుచున్నారుగాని యిది మనకు క్రొత్తది కాదు. గుంటూరు మిరపకాయల అడితిదారుడు చేయునది యిదియే. అనకాపల్లి బెల్లపు మార్కెట్టులో రైతు దిమ్మెలను కమీషను వర్తకుని కొట్టులో దింపి వేలమునకై కాచుకొని కూర్చుండుటయు నిదియే. సరకు రైతుది, తక్కెడ వర్తకునిది, కమీషను మధ్యది.

ఇక మన మన్యపు సంతల సంగతి. మాడుగుల, పాడేరు, చింతపల్లి ప్రాంతముల నుండి పసుపు, అల్లము, మిరియములు, కాఫీ దిగువకు పోవుచుండుట అందరెరిగినదే. అందరు గమనింపనిది మరియొకటి కలదు. జబ్బు వచ్చినప్పుడో, పిల్లవానిని చదువుకై పంపవలసినప్పుడో కొండయింటి యిల్లాలు తన తల్లి యిచ్చిన వెండికడియములను, కంటెను దించి అమ్మవలసి వచ్చును. అవి తూకమునకు పోవును. తరుగు తీసి, మట్టు తీసి, వెండిధర కట్టి యిత్తురు. పనితనమునకు ధర లేదు, ప్రాతదనమునకు ధర లేదు. కరగినవి కరగగా, మిగిలినవి చేతులు మారి చేతులు మారి, మహానగరముల దుకాణములలో గాజు బీరువాల నెక్కి, గిరిజనుల పాతనగలు అను పేరుతో వెండిధరకు మించిన వెలకు పోవుచుండుట మన మెరుగనిది కాదు. ఆ రెండు ధరల నడుమనున్న లాభములో కడియము తొడిగిన చేతికి దక్కినది సున్న.

మైదానపు పట్టణములవారు దీనిని చదివి, అయ్యో అమాయకులని జాలిపడి యూరకుండుటకు వీలులేదు. మన యిండ్లలో జరుగుచున్నదేమి? అమ్మమ్మగారి ఉప్పాడ చీర, వెంకటగిరి చీర, ధర్మవరపు పట్టుచీర, మడతలలో చిరుగుపట్టిన వెంటనే వీథిలో కేకవేయు వానిచేత బడుచున్నవి. జరీ లేని చీరకు స్టీలుగిన్నె. జరీయున్న దానికి నాలుగు నోట్లు. ఆ జరీని కాల్చి వెండి తీయుదురు. నెలల తరబడి మగ్గముపై నిద్దరు కూర్చుండి నేసిన జాందానీ పువ్వు నిప్పులో బోయి గురిగింజలయెత్తు వెండిగా తేలును. తోలుసంచికి గీత పడిన ధర పెరిగినది, పట్టుచీరకు మడత పడిన ధర పడిపోయినది. ఇందు తోలు గొప్పయా, పట్టు తక్కువయా?

వస్తుగుణములో భేదము లేదు. పేరులో కలదు. ఆ సంచికి కుట్టిన కంపెనీ పేరు, కుట్టిన సంవత్సరము, మోసిన మనిషి, చేతులు మారిన తేదీలు అన్నియు వ్రాతలో నున్నవి. మన చీరకు నేసినవాని పేరు లేదు, కొన్న రసీదు పెండ్లినాడే పారవైచితిమి. ఇప్పటి చీరలకు కొన్ని గురుతులు వచ్చిన మాట నిజము. 2004లో సిల్కుమార్కు, 2006లో హ్యాండ్లూముమార్కు ఏర్పడినవి. పోచంపల్లి, ఉప్పాడ మొదలగు నేతలకు భౌగోళిక గుర్తింపును లభించినది. కాని ఆ చీటీలు క్రొత్తచీరకు దారముతో వ్రేలాడునవి. ఇంటికి తెచ్చి మొదటిసారి కట్టుకొనునప్పుడే కత్తెర వేయుదుము. పైగా భౌగోళిక గుర్తింపు ఊరికి పేరు తెచ్చునుగాని మగ్గమున కూర్చున్నవానికి తేదు. వస్త్రము పాతబడినప్పుడు దాని పక్షమున సాక్ష్యము చెప్పు కాగిత మొక్కటియు మిగులుట లేదు.

పేరునకుగల శక్తి యెట్టిదో తెలియుటకు రెండు దహనములను జ్ఞప్తికి తెచ్చుకొందము. 1921 జూలై 31న బొంబాయిలో మహాత్ముడు విదేశవస్త్రముల కుప్పకు నిప్పంటించెను. ఆ బట్టలు దిగంబరులవి, వానిని కాల్చుటకు మనకు హక్కెక్కడిదని రవీంద్రుడు ప్రశ్నించెను. బీదలకు కావలసినది పని. పని యియ్యక మన విడుపుబట్టలు చేతబెట్టుట వారి నవమానించుటయని గాంధీగారు బదులు చెప్పిరి. ఆ వాదములో నెవరిది పైచేయియైనను, ఇరువురును బీదవానిని ముందుంచుకొని మాటలాడినవారే. రెండవ దహనము బర్బెరీ అను ఇంగ్లీషు కంపెనీది. అమ్ముడుపోని తమ సరకును, ఒక్క యేటిలోనే 2 కోట్ల 86 లక్షల పౌనుల విలువగలదానిని, చవుకగా పోయిన పేరు చెడునని నాశనము చేసినట్లు 2018లో వెల్లడియైనది. లోకము ఛీకొట్టగా ఆ యేడు సెప్టెంబరులో ఆ యాచారమును మానుకొనిరి. ఇందు ముందుంచుకొన్నది పేరుమాత్రమే. పిమ్మట 2020లో ఫ్రాన్సుదేశము అమ్ముడుపోని వస్తువుల నిట్లు నాశనము చేయరాదని శాసనమే చేసినది.

పేరులేని పాతబట్ట గతి మరియొక తీరు. చలిదేశములవారు విడిచిన ఉన్నికోట్లు, స్వెట్టర్లు, మరల తొడుగుటకు వీలులేకుండ కోసి మూటలుగట్టగా కాండ్లా రేవున దిగి హర్యానాలోని పానిపట్టు చేరుచున్నవి. అచ్చట వానిని రంగులవారీగా ఏరి, పీచుచేసి, మరల నూలుదీసి చవుకకంబళ్లు నేయుదురు. దేశమంతట సంతలలోను, వరదసాయములోను కనబడు బూడిదరంగు కంబళ్లలో ననేక మిట్టివే. మాఘమాసపు మంచులో మన్యమున నట్టి కంబళి కప్పుకొనువానికి దాని పూర్వజన్మ తెలియదు. తెలిసినను ధర పెరుగదు. ఒకే అలమారునుండి వెలువడిన కోటుకు ముక్కలగుట, సంచికి గాజుబీరువా. మేము పానిపట్టు పనిని తక్కువ చేయుట లేదు. వేలమందికి కూడుపెట్టు పని యది.

పరదేశపు పాతసంచిని కొని భుజమున వ్రేలాడదీసికొను మన పట్టణపు సోదరీసోదరులతో మాకు తగవు లేదు. క్రొత్తది కొనుటకంటె పాతది కొనుట మేలనువారి మాటలోను సత్యము కలదు. ఒక్క హెచ్చరికమాత్రము చేయుదుము. ఈ వర్తకమున నమ్మబడునది వస్తువు సగము, నమ్మకము సగము. 2024 ఫిబ్రవరిలో న్యూయార్కు జ్యూరీ యొకటి, షనెల్ కంపెనీ పేరుతో నకిలీవస్తువుల నమ్మెనను దావాలో అచ్చటి పేరుపడ్డ పాతవస్తువుల దుకాణముమీద 40 లక్షల డాలర్లు పరిహారము విధించినది. తరతరముల పరీక్షకులున్న నగరములోనే యిట్లుండగా, ఫోనులో బొమ్మచూచి డబ్బు పంపువారు జాగరూకులై యుండవలదా?

మాకు ముఖ్యమైన ప్రశ్న వేరు. సంచినమ్మిన ధనవంతురాలికి దక్కిన హక్కు కడియమమ్మిన కొండయిల్లాలి కేల దక్కరాదు? వస్తువుమీద యాజమాన్యము విడువకుండ కాచుకొని అమ్ముకొను హక్కు అది. చట్టము అడ్డు కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 213వ సెక్షను ప్రకారము ఏజెంటు అడిగినప్పుడెల్ల లెక్క చెప్పవలెను. 218వ సెక్షను ప్రకారము తనకు రావలసినది మినహాయించుకొని మిగిలిన సొమ్ము యజమాని కప్పగింపవలెను. యజమానికి తెలియకుండ తానే కొనివేసి పైలాభము మ్రింగెనా, 216వ సెక్షను ప్రకారము ఆ లాభమును యజమాని రాబట్టుకొనవచ్చును. అయితే 1930 నాటి సరకుల విక్రయచట్టము 27వ సెక్షనులోని మెలికయు నెరిగియుండవలెను. వర్తకపు ఏజెంటు చేతికి యజమాని తానుగా సరకిచ్చినచో, ఏజెంటు మాట తప్పి చవుకగా అమ్మినను, సంగతి తెలియక సద్బుద్ధితో కొన్నవానికి హక్కు సంక్రమించును. అప్పుడు యజమాని వెంటబడవలసినది ఏజెంటునే. కావున ఎవరికి అప్పగించుచున్నామన్నదే యీ వర్తకమున మొదటి ప్రశ్నయు కడపటి ప్రశ్నయు.

ఇచ్చట నొక బలమైన యాక్షేపణ కలదు. ఆసుపత్రికి పోవలసినవాడు మూడునెలలు కాచుకొని యుండగలడా? ఉండలేడు. తూకపువర్తకుడు గెలుచుచున్నది మోసమువలన మాత్రమే కాదు, రొక్కము వెంటనే చేతబెట్టుటవలన. అడితిదారులును రైతునకు ముందుగా బయానా యిత్తురు. ఆ బయానా వడ్డీతో కూడి రైతును మరుసటియేటికిని కట్టివేయుటయు లోకవిదితమే. మన్యమున వడ్డీవ్యాపారులను కట్టుదిట్టము చేయుటకు 1960లో ప్రత్యేక రెగ్యులేషను రావలసి వచ్చినదన్న గుర్తుంచుకొనవలెను. కాబట్టి అప్పగింతవర్తకమును ప్రైవేటు వర్తకులకు విడిచినచో పాతకథయే క్రొత్తపేరుతో నడచును. ముందుసొమ్ము వడ్డీలేక యియ్యగలది, తక్కెడలో మోసము చేయనిది కావలెను.

అట్టిది లేకపోలేదు. వర్తకుల దోపిడినుండి గిరిజనులను కాపాడుటకే 1956లో గిరిజన సహకారసంస్థ యేర్పడినది. విశాఖపట్టణము ముఖ్యస్థానముగా తేనె, చింతపండు, కాఫీ మొదలగువానిని కొని, తన ముద్రతో నమ్ముచున్నది. అరకులోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2017లోనే అరకు పేరుతో పారిసులో కాఫీదుకాణము వెలసినది. కొండకాయకు పేరు కట్టిన ధర యెట్లు మారినదో మన కన్నులయెదుటనే యున్నది. ఆ శ్రమలో పదియవ వంతు పడి, పాడేరులోనో మాడుగులలోనో ఒక గదియందు పాతనగల అప్పగింతకొట్టు తెరువరాదా? తూకపుధరను ముందుసొమ్ముగా నిచ్చి, నగ ఫొటోను, బరువును, తయారైన యూరిని, తొడిగినవారి మాటలను చీటీలో వ్రాసి, ఒక ప్రతి వారిచేత బెట్టి, అమ్ముడైనపుడు మిగిలిన సొమ్ము వారి ఖాతాకు పంపవచ్చును. గడువులోపల ముందుసొమ్ము తిరిగి కట్టినచో నగ వారింటికే పోవును. కొన్ని నగలు అమ్ముడుపోకుండుటయే మాకు ప్రియము. అవి తిరిగి కూతురి చేతికి జేరిన లోటేమి?

మైదానములో నీ పని ఆప్కోకు, చేనేత సహకారసంఘములకు చెందును. క్రొత్తచీరలమ్ము కొట్టులోనే ఒక బీరువా పాతచీరల కుంచవచ్చును. చిరుగును రఫూ చేయగలవారు, జరీ అసలైనదో నకిలీయో కంటితో చెప్పగలవారు సంఘములలోనే యున్నారు. పారిసు సంస్థలు జీతమిచ్చి తెచ్చుకొను పరీక్షకులకంటె వారేమి తక్కువ? ఇక క్రొత్తగా నేయు ప్రతి చీరకును అంచు లోపలివైపున నేతగాని పేరును, ఊరును, సంవత్సరమును నూలుతో నేసినచో, కత్తెరకు దొరకని చీటీ యదియే యగును. దీనికి ప్రభుత్వపు సెలవు అక్కరలేదు. వచ్చు సంక్రాంతికి నేయబోవు చీరలతోనే ప్రారంభింపవచ్చునని సంఘముల అధ్యక్షులకు మనవి చేయుచున్నాము.