ప్రకటనల కాగితములో లేనివారు

గడచిన ఆదివారము మీ సంఘములో చదివిన ప్రకటనలలో ఎన్ని మీకు జ్ఞాపకమున్నవి? ఉపవాస ప్రార్థన ఏ దినమో, యౌవనస్థుల కూటమునకు ఎవరు వచ్చుచున్నారో, ఉజ్జీవ సభలు ఏ మైదానములోనో, వాటి ఖర్చు నిమిత్తము కవరులు ఎవరి చేతికియ్యవలెనో జ్ఞాపకముండవచ్చును. మరియొకటి అడుగుదును. ఆ కాగితములో ఒక సామాన్య విశ్వాసి పేరు వింటిరా? ఈ నెలలో మన మధ్యకు క్రొత్తగా వచ్చినవారెవరు, ఊరు విడిచి వెళ్లినవారెవరు, ఆసుపత్రిలో పడియున్నవారెవరు, పని పోయి ఇంట కూర్చున్నవారెవరు అని ఎవరైన చెప్పిరా? చెప్పిన సంఘములు ఉన్నవి. వారికి ఈ వ్యాసముతో పని లేదు. తక్కినవారితోనే నా మాట.

అమీర్‌పేటలో మైత్రీవనము కూడలియొద్ద ఒక సాయంకాలము నిలిచి చూడుడి. గోడలు, స్తంభములు, మెట్ల ప్రక్కలు, ఎక్కడ చూచినను కంప్యూటరు తరగతుల కాగితములే. జావా, పైథాన్, టెస్టింగు. బోధించువాని పేరు, అతని అనుభవము, తరగతి మొదలగు తేది, మొదటి పాఠము ఉచితము. వాటిని నేను నిందింపను. అది వారి వ్యాపారము; విద్యార్థికి కావలసిన సంగతులే వాటిలో ఉన్నవి. అయితే ఆ ప్రక్కనే మన సభల కాగితము అంటించియుందురు. ప్రసంగీకుని నిలువెత్తు ఫొటో, పేరునకు ముందు బిరుదులు, పేరు తరువాత బిరుదులు, తేదీలు, ప్రవేశము ఉచితము. చదువు రాని వాడొకడు ఆ రెండు కాగితములను చూచి, ఇది బడిది, ఇది గుడిది అని విడదీయగలడా? రంగులను బట్టి కూడ చెప్పలేడు.

ప్రకటన వేరు, వ్యాపార ప్రచారము వేరు. బయటివానిని లోనికి రప్పించుటకు ప్రచారము. లోపలివారు ఒకరి సంగతి ఒకరు ఎరుగుటకు ప్రకటన. మన సంఘములలో మొదటిది రెండవదానిని మ్రింగివేసినది. ఆరాధనలో పది నిమిషములు ప్రకటనలకు పోవుచున్నవని విసుగుకొనువారు అనేకులు. అవి ఎందుకు విసుగు పుట్టించుచున్నవో విచారించువారు కొందరే. తన యింటి సంగతి వినుచు ఎవడును విసుగుకొనడు గదా!

అపొస్తలుల పత్రికలను ఈ దృష్టితో ఒకమారు చదివి చూడుడి. రోమీయులకు వ్రాసిన పత్రికలోని పదునారవ అధ్యాయమును మనము తరచు దాటివేయుదుము. పేర్ల పట్టికయే గదా అనుకొందుము. ఆ పట్టిక మొదట నున్నది కెంక్రేయ సంఘపు ఫీబే. ఆమె క్రొత్త పట్టణమునకు వచ్చుచున్నదనియు, ఆమెను చేర్చుకొని, ఆమెకు అవసరమైన దానిలో సహాయము చేయవలెననియు పౌలు కోరుచున్నాడు. అపొల్లో అకయకు పోదలచినప్పుడు, అతనిని చేర్చుకొనుడని సహోదరులు ముందుగా అక్కడి శిష్యులకు వ్రాసిరి. ఎపఫ్రొదితు రోగియైన సంగతి ఫిలిప్పీయులకు తెలిసినది. వారికి తెలిసెనని ఎపఫ్రొదితు విచారపడెను. అనగా ఆ కాలమున ఒక సాధారణ పనివాని జ్వరము గూడ సముద్రము దాటి సంఘ వార్తయైనది. నేడు పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో పదియవ దినము మంచముపట్టియున్న సహోదరి వార్త, అక్కడికి ఆటోలో పది నిమిషముల దూరములోనున్న గుడికి చేరుటలేదు.

మనము బాప్తిస్టులము. ఈ మాటకు అర్థము ముంచుట మాత్రమే అనుకొనువారికి ఒక సంగతి జ్ఞాపకము చేయుదును. మనకు బిషప్పు లేడు. కాపరిని పిలుచుట, పెద్దలను ఎన్నుకొనుట, కోశాధికారి లెక్కలను అంగీకరించుట, సభ్యులను చేర్చుకొనుట, ఇవన్నియు సభ్యులు కూడి చేయవలసినవి. 1947లో ఏర్పడిన ఉత్తర సర్కారుల బాప్తిస్టు సంఘముల కన్వెన్షనైనను, 1962లో ఏర్పడిన తెలుగు బాప్తిస్టు సంఘముల సమావేశమైనను స్థానిక సంఘములు కూడి నిలిపినవే గాని, పైనుండి దిగివచ్చినవి కావు. అట్టి పద్ధతిలో ప్రకటన అలంకారము కాదు, సభ్యుని హక్కు. సంఘ కూటము ఎప్పుడో తెలియనివాడు ఆ కూటమునకు రాలేడు, రానివాడు చెయ్యెత్తలేడు, అతడు ఎత్తని చెయ్యి లెక్కలోనికి రాదు. పరిశుద్ధుల నిమిత్తమైన చందా విషయములో తనమీద ఎవరును తప్పు మోపకుండునట్లు, ప్రభువు దృష్టికి మాత్రమే గాక మనుష్యుల దృష్టికిని యోగ్యముగా నడుచుకొనుటకు పౌలు జాగ్రత్తపడెనని కొరింథీయుల రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయములో ఉన్నది. మన ప్రకటనలలో సభల తేది నాలుగు వారములు ముందుగా వినబడును. వార్షిక సంఘ కూటపు తేది ఆఖరి ఆశీర్వాదమునకు ముందు, జనులు చెప్పులు వెదకుకొను వేళ ఒక్కమారు వినబడును. ఇది ఎట్లు జరుగుచున్నదో నాకంటె మీకే బాగుగా తెలియును.

ఇక అసలు సంగతికి వత్తును. అమీర్‌పేట, సంజీవరెడ్డినగర్, పంజాగుట్ట వీధులలో యౌవనస్థుల వసతిగృహములు ఎన్ని యున్నవో ఆ ప్రక్క నడిచిన ప్రతివాడును ఎరుగును. ఒక్కొక్క గదిలో ముగ్గురు, నలుగురు; ఇనుప మంచము, గోడకు మేకు, మేకునకు సంచి. కోర్సు ముగించి ఉద్యోగము దొరకువరకు వారి కాపురము అదే. వీరు ఎక్కడనుండి వచ్చుచున్నారు? ఒంగోలు, కనిగిరి, పొదిలి, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట, నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్. ఈ పేర్లను మరల చదువుడి. ఇవన్నియు నూరేండ్లకు పైగా బాప్తిస్టు మిషను పనిచేసిన స్థలములు. ఆ గదులలో నిద్రించువారిలో మన పల్లె సంఘముల బిడ్డలు ఎందరో యున్నారు. వారి బాప్తిస్మపు పేరు అక్కడి పుస్తకములో ఉన్నది. ఇక్కడి పుస్తకములో లేదు. సంఘము వ్రాసి యియ్యవలసిన ఉత్తరమును పల్లె కాపరి వ్రాయలేదు. పట్టణపు సంఘము అడుగలేదు.

2020 మార్చి నెలలో దీని ఫలితమును కన్నులార చూచితిమి. వ్యాధి భయముచేత దేశమంతటను లాక్‌డౌన్ విధింపబడినప్పుడు, ఈ ప్రాంతములోని అనేక వసతిగృహముల యజమానులు పిల్లలను ఖాళీ చేయుమనిరి. మార్చి 25న ఊరికి పోవుటకు అనుమతి పత్రముల కొరకు వేలకొలది యౌవనస్థులు పోలీసు స్టేషనుల ముందు గుంపులు కూడిరి. పంజాగుట్ట, సంజీవరెడ్డినగర్ స్టేషనులు వాటిలోనివే. పత్రము దొరికినవారు బయలుదేరిరి. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు సరిహద్దుయొద్ద వారిని ఆపిరి. వెనుకకు రాలేరు, ముందుకు పోలేరు. గంటల తరబడి రోడ్డుమీదనే నిలిచిరి. వసతిగృహములు మూయవలదని ప్రభుత్వము తరువాత ఆజ్ఞాపించెను. ఆ దినములలో బియ్యము పంచిన సంఘములను, అన్నము పొట్లములు కట్టిన స్త్రీల సమాజములను నేను ఎరుగుదును. ఆ పరిచర్యను తక్కువ చేయను. అయితే చెప్పుడి, ఆ స్టేషను గేటుయొద్ద నిలిచినవారిలో మన సంఘపు బిడ్డ ఎవరో చూచి చెప్పుటకు ఒక పట్టిక మనలో ఎవరియొద్ద ఉండెను? పేరు తెలిసినయెడల ఫోను చేయవచ్చును. గది తెలిసినయెడల యజమానితో ఒక పెద్ద మాటలాడవచ్చును. విశ్వాసుల ఇండ్లలో ఒక్కొక్కరికి ఒక చాప పరచుటకు స్థలము లేకపోయెనా? స్థలము ఉండెను. పేరే లేకపోయెను.

కొందరు చెప్పు సమాధానములు వినియున్నాను. పట్టణములో ఎవరు ఎక్కడివారో ఎట్లు తెలియునని ఒకరు. 2017 నవంబరునుండి అమీర్‌పేట మెట్రో స్టేషనులో రెండు మార్గములు కలియుచున్నవి. దినమునకు ఎందరు ఎక్కి దిగుచున్నారో చూచినయెడల ఈ సమాధానము న్యాయమే అనిపించును. అయితే ఆ గుంపులోనే కోర్సు నడుపువాడు తన విద్యార్థి పేరు, ఫోను నంబరు, ఊరు వ్రాసికొనుచున్నాడు. ఫీజులో మిగిలిన బాకీ గూడ వ్రాసికొనుచున్నాడు. వసతిగృహపువాడు ఆధారు కాగితపు నకలు లేకుండ తాళపుచెవి ఇయ్యడు. లోకస్థులు డబ్బు కొరకు చేయుచున్న పనిని మనము ప్రేమ కొరకు చేయలేమని చెప్పుట నాకు సిగ్గుగా నున్నది. యౌవనస్థులే ఉత్తరము తెచ్చుకొనరు, ఈ ఆదివారము ఒక గుడి, వచ్చు ఆదివారము పాటలు బాగుగా నున్న మరియొక గుడి అని తిరుగుదురు అని మరియొకరు. నిజమే. ఎవరును పేరు అడుగని స్థలములలో వాడు సంగీతమును బట్టి గాక దేనిని బట్టి ఎన్నుకొనవలెను?

అన్నియు వాట్సాప్‌లో పెట్టుచున్నాము గదా అనువారును ఉన్నారు. గుంపులో ఉన్నవానికే అది చేరును. క్రొత్తవాడు గుంపులో లేడు; లేడు గనుకనే క్రొత్తవాడు.

ఉజ్జీవ సభలు వద్దనుచున్నావా అని అడుగుదురేమో. వద్దనను. సంఖ్యను చూచి మురియుట మాత్రము మన పితరుల మర్యాద కాదని చెప్పుదును. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశములో గొప్ప కరవు వచ్చినప్పుడు, ఒంగోలులోని క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వు పనిలో మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. ఆ దినములలో బాప్తిస్మము కోరుచు జనులు గుంపులుగా వచ్చిరి. ఆయన ఒప్పుకొనలేదు. అన్నము కొరకు వచ్చిరో, ప్రభువు కొరకు వచ్చిరో తేలవలెనని పదునైదు నెలల వరకు ఎవరికిని బాప్తిస్మము ఇయ్యక ఆపెను. ఏ సభా కార్యదర్శి నేడు అంతకాలము సంఖ్యను పెరుగనియ్యక ఓర్చుకొనగలడు? తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము గర్వముతో చెప్పుకొందుము. ఆ దినమున దొరగారు నీళ్లలోనికి దిగలేదని మాత్రము చెప్పుకొనము. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి వంతులవారీగా నీళ్లలో నిలిచి, ఒక్కొక్కరిని విడివిడిగా ముంచిరి. రెండు వేలమందియైనను గుంపుగా ముంచుటకు వీలులేదు గదా! మన మతాచారములోనే ఆ లెక్క ఉన్నది.

ఇంకొక మాట. ఆ కాలపు ఒంగోలులో మూడు నెలలకొకసారి పల్లె బోధకులు కూడుకొనెడివారు. అదియును కూటమే, అక్కడను ప్రసంగములుండెడివి. అయితే వారు ప్రధానముగా తమ పల్లెల సమాచారము తెలుపుటకు వచ్చెడివారు. పౌలు బర్నబాలు అంతియొకయకు తిరిగివచ్చి, సంఘమును సమకూర్చి, దేవుడు తమకు తోడైయుండి చేసిన కార్యములను వివరించినట్లే. నేడు కూటమునకు పోయి విని వచ్చుచున్నాము. చెప్పుటకు పోవువారు లేరు, అడుగువారును లేరు.

సికింద్రాబాదులో బాప్తిస్టు మిషను పని 1875లో ఆరంభమైనది. అప్పుడు పట్టణమునకు వచ్చిన పల్లెవాడు తన వారిని వెదకుకొనుటకు ఒక్క స్థలము ఉండెను. ఇప్పుడు ఎన్నో గుడులున్నవి, ఇంటి మేడలమీద, ఫంక్షను హాలులలో ఆరాధనలున్నవి, మూడు భాషలలో ఉన్నవి. వెదకుకొనుట సులభము కావలసినది, కష్టమైనది.

పల్లె సంఘముల కాపరులారా, మీ బిడ్డ హైదరాబాదు బస్సు ఎక్కుటకు ముందు ఒక ఉత్తరము వ్రాయుడి. తండ్రి పేరు, బాప్తిస్మపు సంవత్సరము, ఉండబోవు వసతిగృహము, ఫోను నంబరు, ఇంతే. ఆ ఉత్తరము బిడ్డ సంచిలో పెట్టి ఊరకొనకుడి. ఒక నకలు నేరుగా పట్టణ సంఘమునకు పంపుడి, ఏలయనగా సంచిలోనిది సంచిలోనే ఉండిపోవును. పట్టణ సంఘముల పెద్దలారా, ఆ ఉత్తరము వచ్చిన ఆదివారముననే చదివి, ఆ బిడ్డను నిలువబెట్టి చేతులు కలుపుడి, ఆ మధ్యాహ్నము ఎవరి యింట భోజనమో అక్కడనే తేల్చుడి. ఆసుపత్రిలోని వారి పేర్లను వారి సమ్మతితో చెప్పుడి. సంఘ కూటపు తేదిని, చదువవలసిన లెక్కలను మొదటనే చెప్పుడి, జనులు కూర్చుండియుండగనే.

ప్రకటనలు సిద్ధము చేయు కార్యదర్శిగారికి ఒక మనవి. ఇవన్నియు వ్రాయుటకు కాగితములో చోటు చాలదని మీరందురేమో. ప్రసంగీకుని ఫొటోను కొంచెము చిన్నది చేయుడి.